నాప్లెక్స్ రెండో ప్రయత్నం, ఇంకా 19 రోజులు: లెక్క కనబడగానే చేతులు చల్లబడుతున్నాయి

తులసికోట
సోమవారం, రాత్రి 10:50

అందరికీ నమస్కారం. ఆంధ్రలో ఆరేళ్ల ఫార్మ్‌డీ చదివి, పెళ్లయ్యాక డాలస్ వచ్చాను. విదేశాల్లో ఫార్మసీ చదివినవాళ్లు ముందు రాయాల్సిన ఎఫ్‌పీజీఈఈ ఒక్కసారికే గట్టెక్కాను. టోఫెల్‌లో మాట్లాడే విభాగంలో 26 తెచ్చుకోవడానికి మాత్రం నాలుగుసార్లు రాయాల్సి వచ్చింది. ఆ తర్వాత 1500 గంటల ఇంటర్న్‌షిప్. ఇవన్నీ దాటి వచ్చి, అమెరికాలో ఫార్మసిస్టు లైసెన్సు కోసం రాసే నాప్లెక్స్ దగ్గర ఆగిపోయాను. మొదటి ప్రయత్నం ఫెయిలయ్యాను. మళ్లీ రాసే ముందు ఆగాల్సిన 45 రోజులు గడిచాయి, కొత్త తేదీ తీసుకున్నాను. ఇంకా 19 రోజులుంది.

చదవక కాదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివాను. పరీక్షలో ముప్పయ్యో ప్రశ్న దాకా బాగానే సాగింది. అప్పుడొక లెక్క వచ్చింది. కింద ఎంచుకోవడానికి సమాధానాలు లేవు, ఖాళీ గడి ఉంది, అంకె మనమే వేయాలి. ఆ గడి చూడగానే చేతులు చల్లబడ్డాయి. గుండె చప్పుడు చెవుల్లో వినిపించింది. ఒకే వాక్యం నాలుగుసార్లు చదివాను, ఒక్క ముక్క తలకెక్కలేదు. దాటిన ప్రశ్నకు తిరిగి వచ్చే వీలు లేదు కాబట్టి ఏదో ఒక అంకె వేసి ముందుకు పోయాను. ఆ తర్వాత రెండు గంటలూ నా మనసు ఆ ప్రశ్న దగ్గరే ఉండిపోయింది.

నాకు అర్థం కానిది ఒకటుంది. ఫార్మసీలో ఈ చేతులు వణకవు. ట్రేలో మాత్రలు పోసుకుని గరిటెతో ఐదేసి చొప్పున పక్కకు లాగుతూ పోతే తొంభై మాత్రలు ఒక్కటి తేడా లేకుండా వస్తాయి. సాయంత్రం ఐదింటికి వరుస తలుపు దాకా పెరిగినా కంగారు పడను. ఇంట్లో నమూనా పరీక్ష తెరవగానే అవే చేతులు మౌస్ కూడా సరిగ్గా పట్టుకోవడం లేదు.

భీమవరంలో నాన్నకు మెడికల్ షాపు ఉంది. గోడ మీద ఫ్రేము కట్టిన లైసెన్సు కింద కూర్చునే నేను హోంవర్కు చేసుకునేదాన్ని. ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా పరీక్ష మాట ఎత్తకుండా ఉండాలని ఆయన పడే తంటాలు నాకు తెలుస్తూనే ఉంటాయి. అదింకా బరువుగా ఉంది.

ఈ దశ దాటినవాళ్లు చెప్పండి. ధైర్యంగా ఉండమని చాలామంది చెప్పారు. ధైర్యం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో ఎవరూ చెప్పలేదు.

రాత్రిపాళీ
సోమవారం, రాత్రి 11:35

తులసికోట గారూ, మీ పోస్టు చదువుతుంటే నా అరచేతులకు చెమట పట్టింది. నాకు జరిగిందీ అచ్చంగా ఇదే. నేను న్యూజెర్సీలో ఒక ఆసుపత్రి ఫార్మసీలో రాత్రి పాళీ చేస్తాను, మొదటి విరామంలో తీరిగ్గా రాస్తాను. ఈలోపు ఒక్క మాట: తెల్లవారుజామున నాలుగింటికి లేవడం మానేయండి.

నల్లేరునడక
మంగళవారం, ఉదయం 6:20

మూడో ప్రయత్నంలో పాసైనవాణ్ని, ఒహాయోలో పనిచేస్తున్నాను. 2019లో నేను రాసేటప్పుడు 250 ప్రశ్నలు, 75 వస్తే పాస్. మొదటిసారి 71, రెండోసారి 73. ఇప్పుడు 225 ప్రశ్నలు, ఆరు గంటలు, ఫలితం పాస్ లేదా ఫెయిల్. స్కోరు తీసేయడం మంచిదే అయింది. ఆ రెండు మార్కుల దూరం నన్ను ఎన్ని రాత్రులు నిద్రపోనివ్వలేదో నాకే తెలుసు.

భయం మొత్తం పరీక్షను పట్టుకుని ఉండదండీ. ఎక్కడో ఒక చోట మాటు వేసుకుని కూర్చుంటుంది. మీరే రాశారు, ముప్పయ్యో ప్రశ్న దాకా బాగానే ఉందని. అంటే మీకు పరీక్షంటే భయం లేదు, ఆ ఖాళీ గడి అంటే భయం. ఇది చాలా ఉపయోగపడే సంగతి.

ఈమధ్య నమూనా పరీక్షలో తప్పు చేసిన లెక్క ఒకటి ఇక్కడ పెట్టండి. మీరు వేసిన అంకె కూడా రాయండి. అసలు పరీక్షలో వచ్చిన ప్రశ్న మాత్రం వద్దు. దాన్ని బయట చెప్పకూడదని సంతకం పెట్టే కదా కూర్చున్నాం.

తులసికోట
మంగళవారం, ఉదయం 8:05

నిన్న రాత్రి తప్పు చేసినది ఇది. ఆవిడ వయసు 72, బరువు 54 కిలోలు, కిడ్నీల పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్ 1.5. కాలి సిరలో రక్తం గడ్డకట్టింది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సాపరిన్ ఎంత మోతాదు, రోజుకు ఎన్నిసార్లు?

నేను వేసింది: 140లోంచి 72 తీస్తే 68. దాన్ని 54తో గుణిస్తే 3672. కింద 72 ఇంటూ 1.5, అంటే 108. భాగిస్తే కిడ్నీల వడపోత వేగం 34. ముప్పైకి పైన ఉంది కాబట్టి కిలోకు ఒక మిల్లీగ్రాము, 54 మిల్లీగ్రాములు, పన్నెండు గంటలకొకసారి. తప్పని వచ్చింది. చూడగానే తెలిసిపోయింది, స్త్రీ కాబట్టి 0.85తో గుణించాలి. 28.9 వస్తుంది. ముప్పై కంటే తక్కువ, కాబట్టి రోజుకు ఒక్కసారే. కాక్‌క్రాఫ్ట్ గాల్ట్ సూత్రం నేను నిద్రలో కూడా చెప్పగలను అన్నయ్యా. అందుకే ఏడుపొచ్చింది.

నల్లేరునడక
మంగళవారం, సాయంత్రం 5:40

చెల్లెమ్మా, మీ లెక్కలో గుణకారాలన్నీ సరిగ్గా ఉన్నాయి, సూత్రమూ తెలుసు. జారిపోయింది "ఆవిడ" అన్న ఒక్క మాట. అది మొదటి పంక్తిలోనే ఉంది. ఆ పంక్తి చదివేటప్పటికే మీ కన్ను కింద గడి మీద ఉంది.

ఇప్పుడు ఫార్మసీలో ఇదే చీటీ వస్తే ఏం చేస్తారో ఆలోచించండి. ముందు పేరు చూస్తారు, పుట్టిన తేదీ చూస్తారు, అలర్జీలు చూస్తారు, ఆ తర్వాతే మందు. ట్రే తీసుకుంటారు, డబ్బా మీద నంబరు సరిపోల్చుకుంటారు. చేతికి ఒకదాని తర్వాత ఒకటి పని ఉంటుంది. వణకడానికి దానికి తీరిక ఉండదు. పరీక్షలో ఆ చేతిని ఖాళీగా ఒళ్లో పెట్టుకుని బుర్రతో లెక్క కట్టాలని చూస్తున్నారు.

నేను మూడోసారి చేసింది చెబుతాను. పరీక్ష కేంద్రంలో తుడిచి రాసుకునే పలక, పెన్ను ఇస్తారు. లెక్క కనబడిన వెంటనే దాన్ని చేయడానికి ప్రయత్నించలేదు. ముందు పలక మీద నాలుగు ముక్కలు ఎక్కించాను: వయసు, బరువు, ఆడా మగా, క్రియాటినిన్. దాని కింద, ఏ యూనిట్లలో అడిగారు, ఎన్ని దశాంశాలకు సవరించమన్నారు. ఆ తర్వాతే సూత్రం. ఇదంతా ఇరవై సెకన్ల పని. ప్రశ్నకు సగటున 96 సెకన్లు ఉన్నాయి, ఆ ఇరవై మనకు మిగులే.

ఇంట్లో సాధన చేసేటప్పుడు ఒక అట్టముక్కతో ఆ గడిని మూసేయండి. పలక మీద సమాధానం వచ్చాకే అట్ట తీయాలి. రోజుకు ఇరవై లెక్కలు, అంతకు మించి వద్దు. మిల్లీ ఈక్వివలెంట్లు, సెలైన్ చుక్కల వేగం, ఎలిగేషన్ అనే మిశ్రమాల లెక్క, టీపీఎన్ అనే సిర ద్వారా ఎక్కించే ఆహారం లెక్క, అన్నీ ఇదే పద్ధతిలో.

గోదావరిగట్టు
మంగళవారం, రాత్రి 9:15

నా మాట వేరు. ఇంత కంగారుగా ఉన్నప్పుడు తేదీ వాయిదా వేసుకోవడం మేలు. ఇంకో నెల చదివితే నమ్మకం వస్తుంది. అలాగే ఒక వాట్సాప్ బృందంలో ఈమధ్య రాసినవాళ్లు గుర్తున్న ప్రశ్నలు పంచుకుంటున్నారట, కొంత డబ్బు కట్టాలి. తెలిసిన విషయాలే కనబడితే భయం తగ్గుతుంది కదా. ఎవరికైనా అనుభవం ఉందా?

నల్లేరునడక
మంగళవారం, రాత్రి 9:50

గోదావరిగట్టు గారూ, దయచేసి అటువైపు వెళ్లకండి, ఎవరినీ పంపకండి. అది పరీక్ష నియమాల ఉల్లంఘన. దొరికితే ఫలితం రద్దు చేస్తారు, లైసెన్సు ఇచ్చే బోర్డుకు తెలియజేస్తారు. 2007లో జార్జియా రాష్ట్రంలో ప్రశ్నలు బయటకు వచ్చాయన్న ఆరోపణ మీద నాప్లెక్స్ నిర్వహణనే కొంతకాలం నిలిపేశారు, వ్యవహారం కోర్టుకెక్కింది. ఏ తప్పూ చేయనివాళ్లు కూడా తేదీల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఆ ప్రశ్నల్లో సగం తప్పుల తడకలు కూడా. అయినా ఎత్తుకొచ్చిన ప్రశ్నతో ఉద్యోగంలోకి వెళ్లి, రేపు ఆ 72 ఏళ్ల ఆవిడకు మందు ఇచ్చేటప్పుడు ఏం చేస్తాం?

వాయిదా గురించి: చదువు మిగిలి ఉంటే వాయిదా వేయాలి. భయం మిగిలి ఉంటే వేయకూడదు. ఈమె చదువు అయిపోయింది. ఇంకో నెల ఇస్తే ఆ నెలంతా భయమే తింటుంది.

గోదావరిగట్టు
మంగళవారం, రాత్రి 10:10

అర్థమైంది. అంతదూరం ఆలోచించలేదు, ఆ సందేశం తీసేస్తాను. వాయిదా విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. నేను ఒకసారి వాయిదా వేసుకుని, తర్వాత మొదటిసారే పాసయ్యాను.

రాత్రిపాళీ
బుధవారం, తెల్లవారుజామున 3:10

విరామం దొరికింది. మందుల వాళ్లం కాబట్టి మందుల సంగతే ముందు చెబుతాను. ఈ చర్చ చదివేవాళ్లలో ఎవరో ఒకరి మనసులో ఈ ప్రశ్న తప్పకుండా ఉంటుంది.

ప్రొప్రనొలాల్. వేదికల మీద పాడేవాళ్లు, వాయించేవాళ్లు వాడతారని అందరికీ తెలుసు. వణుకు, గుండెదడ తగ్గిస్తుంది, నిజమే. కానీ ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరి బిగిసే ప్రమాదం ఉంది. మధుమేహానికి మందులు వాడేవాళ్లలో షుగరు పడిపోయినప్పుడు కనబడాల్సిన దడను, వణుకును అది కప్పేస్తుంది, చెమట ఒక్కటే మిగులుతుంది. డాక్టరు రాసిస్తే సరే. రాసిచ్చినా పరీక్ష రోజున మొదటిసారి వేసుకోకూడదు. నమూనా పరీక్ష రాసే రోజున వేసుకుని చూడాలి. స్నేహితురాలి డబ్బాలోంచి ఒకటి తీసుకుని వేసుకోవడం అస్సలు వద్దు. మన కౌంటరు ముందుకొచ్చి ఎవరైనా ఆ మాట చెబితే మనం ఊరుకుంటామా?

నిద్ర కోసం డైఫెన్‌హైడ్రమిన్ వేసుకుంటారు కొందరు. చీటీ లేకుండా దొరుకుతుంది కాబట్టి తేలిక మందు అనుకుంటారు. నా మొదటి పరీక్షకు ముందు రాత్రి వేసుకున్నది నేనే. పొద్దున తల మీద తడి దుప్పటి కప్పినట్టు ఉంది. నోరు ఎండిపోయి మొదటి గంటంతా నీళ్ల మీదే ధ్యాస. ఆ మందు ఏం చేస్తుందో పరీక్షలో అడిగితే చక్కగా రాసేదాన్ని, నా విషయానికి వచ్చేసరికి మరిచిపోయాను.

కాఫీ. సగం బయటికి పోవడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. నాలుగింటికి లేచే మనిషి మధ్యాహ్నం రెండింటికి తప్పనిసరిగా కాఫీ తాగుతుంది, రాత్రి పదింటికి నిద్ర రాదు, మళ్లీ నాలుగింటికి అలారం. తులసీ, ఈ చక్రంలో మీరు ఎన్ని వారాలుగా ఉన్నారో లెక్క వేసుకోండి. చేతులు చల్లబడటంలో కొంత భాగం దీనిదే అయి ఉంటుంది. పరీక్ష ఏ వేళకో ఆ వేళకు మెదడు మెలకువగా ఉండేలా ఈ పదిహేడు రోజులూ రోజును మలుచుకోండి. ఎనిమిదింటికి పరీక్ష అయితే రోజూ ఎనిమిదింటికి మొదటి ప్రశ్న తెరవాలి.

తులసికోట
బుధవారం, ఉదయం 7:30

అక్కా, ఆరు వారాలు. ఇవాళే అలారం ఆరింటికి మార్చాను.

చలిదేశం
బుధవారం, మధ్యాహ్నం 1:00

కెనడా నుంచి. మాకు పెబ్‌సీ అనే బోర్డు పెట్టే లైసెన్సు పరీక్ష. రాత పరీక్ష నాకు బాధ పెట్టలేదు, ఆస్కీ అనే రెండో భాగం హడలగొట్టింది. అక్కడ రోగిగా నటించే మనిషి ఎదురుగా కూర్చుంటారు, పరీక్షకులు పక్కన చూస్తూ ఉంటారు, నేను రాసినప్పుడు ఒక్కో గదిలో 7 నిమిషాలు. గంట మోగగానే వేరే గది. మొదటి గదిలో నా గొంతు నాకే వినిపించలేదు. నన్ను కాపాడింది మొదటి వాక్యం. నేనెవరో చెప్పి, మీ పేరేమిటని అడిగి, ఏ మందుకైనా అలర్జీ ఉందా అని అడగడం. ఈ మూడూ రెండు నెలలు అద్దం ముందు చెప్పీ చెప్పీ నాలుకకు పట్టించాను. మెదడు గడ్డకట్టినా నాలుక తన పని తాను చేసుకుపోయింది. ఆ కొద్ది క్షణాల్లో మెదడు తిరిగి వచ్చేది. నల్లేరునడక గారు చెప్పిన పలక పద్ధతీ ఇలాంటిదే అనిపిస్తోంది.

మానేరుఒడ్డు
బుధవారం, రాత్రి 8:45

కరీంనగర్ వాణ్ని, నాలుగేళ్ల బీఫార్మసీ. 2003 జనవరి 1 నుంచి పట్టా పొందినవాళ్లకు కనీసం అయిదేళ్ల కోర్సు ఉండాలన్న నియమం వల్ల నేను ఎఫ్‌పీజీఈఈకే దరఖాస్తు చేసుకోలేను. తొమ్మిదేళ్లుగా ఇక్కడ టెక్నీషియన్‌గా ఉన్నాను. మా ఫార్మసిస్టులకు గుర్తురాని మందుల మధ్య పరస్పర చర్యలు నేను గుర్తుచేసిన రోజులున్నాయి.

ఫిర్యాదుగా చెప్పడం లేదమ్మా. ఆ కుర్చీలో కూర్చుని పరీక్ష రాసే అర్హత నీకు ఉంది. అక్కడి దాకా రావడానికి నువ్వు దాటినవి చిన్నవి కావు. నాలాంటివాళ్లం చాలామందిమి మీ ఫలితాల కోసం సొంత మనుషుల ఫలితాల్లాగా ఎదురుచూస్తాం.

తులసికోట
బుధవారం, రాత్రి 9:30

అన్నా, మీ మాటలు రెండుసార్లు చదివాను. మా ఫార్మసీలో నాకు పని నేర్పింది కూడా ఒక టెక్నీషియనే. ఆవిడ పక్కన నిలబడి ఐదేసి లెక్కపెట్టడం నేర్పకపోతే నా చేతులకు ఆ కుదురు వచ్చేది కాదు.

సన్నజాజిపందిరి
గురువారం, ఉదయం 10:20

నేను ఫార్మసీ చదవలేదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నా భార్య ఈ పరీక్ష రాసింది. ఇంట్లోవాళ్లు ఏం చేయాలో ఎవరూ చెప్పరు కాబట్టి రాస్తున్నాను.

మొదటిసారి తేదీ అందరికీ తెలుసు. ముందు రాత్రి ఇండియా నుంచి పదకొండు ఫోన్లు వచ్చాయి. అందరివీ ఆశీర్వాదాలే, ప్రేమతో చేసినవే. ఆమె ఒక్కొక్కరితో మాట్లాడి పడుకునేసరికి ఒంటిగంట. రెండోసారి తేదీ నాకు, ఆమెకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మా అత్తగారికి కోపం వచ్చింది, తర్వాత తగ్గింది. ఫలితం వచ్చాక ఆవిడే కొండకు వెళ్లి మొక్కు తీర్చుకుంది.

ఇంకొకటి. పరీక్షకు మూడు రోజుల ముందు కాగితాలు సర్దుతుంటే, అనుమతి పత్రంలో పేరు, డ్రైవింగ్ లైసెన్సులో పేరు ఒకేలా లేవని చూశాం. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఒక దాంట్లో పొడి అక్షరమే ఉంది. మన పేర్లతో ఇది మామూలే. పేరు సరిపోలకపోతే లోపలికి రానివ్వరు. ఆ మూడు రోజులూ చదువు పక్కన పెట్టి ఫోన్ల మీద గడిపాం. దయచేసి ఇవాళే చూసుకోండి. భయపడాల్సిన వాటిలో చేతిలో ఉన్నవి ముందే తీర్చేసుకుంటే, మిగిలినదానికి మనిషి సరిపోతారు.

తులసికోట
గురువారం, మధ్యాహ్నం 12:15

ఇప్పుడే చూశాను. నావి రెండూ సరిపోయాయి. పేరు సరిచూసుకోవాలన్న ఆలోచనే రాలేదు నాకు. చాలా ధన్యవాదాలండీ.

దీపపుసెమ్మె
శనివారం, సాయంత్రం 4:30

తెనాలి దగ్గర డీఫార్మసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మీ అందరి ముందు నాది చిన్న పరీక్షే. ఇంతకుముందు డిప్లొమా పట్టుకుని వెళ్తే ఫార్మసీ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసేవాళ్లు. 2022 నిబంధనల తర్వాత మాకు ఎగ్జిట్ పరీక్ష పెట్టారు. మూడు పేపర్లు, ఒక్కోదానిలో 50 శాతం రావాలి. మా సీనియర్లకే కొత్త, అడుగుదామంటే రాసినవాళ్లు తక్కువ. మా అన్నకు షాపు పెట్టాలని ఉంది, నా లైసెన్సు కోసం ఆగి ఉన్నాడు. పుస్తకం తెరిస్తే షాపు అద్దె గుర్తొస్తోంది.

రాత్రిపాళీ
ఆదివారం, తెల్లవారుజామున 2:40

చిన్న పరీక్ష ఏమీ కాదు నాన్నా. లైసెన్సు ఇచ్చే పరీక్ష ఏ దేశంలోనైనా ఒకటే బరువు. నాకు తెలిసి దానికి ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి పెట్టలేదు. అది గుర్తుపెట్టుకో.

షాపు అద్దె సంగతికి ఒక ఉపాయం. 2011లో సైన్స్ పత్రికలో రమీరెజ్, బైలాక్ అనే ఇద్దరు పరిశోధకుల వ్యాసం వచ్చింది. పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను కాగితం మీద పెట్టిన విద్యార్థులు, పెట్టనివాళ్ల కంటే మెరుగ్గా రాశారని. ముఖ్యంగా ఎక్కువ కంగారు పడే పిల్లలు. అందరికీ ఒకేలా పనిచేస్తుందని అనను. నాకు పనిచేసింది. బుర్రలో తిరిగే మాట కాగితం మీదికి వస్తే కాసేపు అక్కడే ఉంటుంది. పుస్తకం తెరవబోయే ముందు "అద్దె, అన్నయ్య, షాపు" అని ఉన్నదున్నట్టు రాసి పక్కన పెట్టు.

నల్లేరునడక
ఆదివారం, ఉదయం 9:00

తమ్ముడూ, దానికి తోడు మీ అన్నతో ఒక్కసారి కూర్చుని మాట్లాడు. ఒకవేళ మొదటిసారి రాకపోతే ఏం చేద్దామో ఇద్దరూ ముందే అనుకోండి. తప్పితే ఏమవుతుందో తెలియనప్పుడే భయం పెద్దదిగా కనబడుతుంది. నేను మూడోసారి వెళ్లే ముందు నా భార్య, నేను వంటింట్లో కూర్చుని, పోతే టెక్నీషియన్ ఉద్యోగం ఎన్ని నెలలు కొనసాగించాలో, ఇంటి ఖర్చు ఎంతో కాగితం మీద వేసుకున్నాం. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

తులసికోట
మంగళవారం, రాత్రి 9:40

ఇంకా 11 రోజులు. ఏం చేస్తున్నానో చెబుతాను.

అట్టముక్క పద్ధతి మొదటి రెండు రోజులు ఏమీ ఉపయోగపడలేదు. మూడో రోజు నుంచి చెయ్యి తనంతట తాను పలక మీదికి వెళ్లడం మొదలుపెట్టింది. రోజుకు ఇరవై లెక్కల్లో తప్పులు ఏడు నుంచి రెండుకు వచ్చాయి. "ఆడ" అని రాసి చుట్టూ సున్నా చుడుతున్నాను, 0.85 మళ్లీ జారలేదు.

రాత్రిపాళీ అక్క చెప్పినట్టు భయాలు రాసి చూశాను. ముందు ఇంగ్లీషులో రాశాను, నాలుగు మాటలు వచ్చి ఆగిపోయాయి. తర్వాత తెలుగులో రాస్తే పేజీ నిండింది. అందులో పరీక్ష గురించి రెండు వాక్యాలే ఉన్నాయి. మిగతాదంతా నాన్న గురించి. అది చదువుకున్నాక నాన్నకు ఫోన్ చేశాను. మీరు అడగకుండా ఉండాలని అంత కష్టపడకండి, అడగండి, నేనే చెబుతాను అన్నాను. కాసేపు ఆయన మాట్లాడలేదు. తర్వాత, నేను డిప్లొమాలో ఫార్మాస్యూటికల్ కెమిస్ట్రీ ఒకసారి తప్పానమ్మా, మీ అమ్మకు కూడా తెలియదు అన్నారు. ఇన్నేళ్లలో ఆ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు.

మానేరుఒడ్డు
మంగళవారం, రాత్రి 10:30

నాన్నగారికి నా నమస్కారం చెప్పమ్మా.

తులసికోట
శుక్రవారం, సాయంత్రం 6:00

రేపు ఉదయం 8 గంటలకు. కేంద్రం దాకా నిన్న కారులో వెళ్లి వచ్చాను, పార్కింగ్ ఎక్కడో చూసుకున్నాను. పెరుగన్నం, గింజలు సర్దుకున్నాను. మధ్యాహ్నం నుంచి పుస్తకం తెరవలేదు, తెరవాలని మాత్రం చేతులు లాగుతున్నాయి. తెరవనా?

నల్లేరునడక
శుక్రవారం, సాయంత్రం 6:10

వద్దు. ఇప్పుడు తెరిస్తే రాని పేజీయే కనబడుతుంది. ఫ్రిస్కోలో హనుమంతుడి గుడి ఉంది కదా, అక్కడిదాకా వెళ్లిరా, లేదా పప్పు పోపు పెట్టుకో.

రాత్రిపాళీ
శుక్రవారం, సాయంత్రం 6:25

ఇక్కడ మాత్రం నల్లేరునడక గారితో కొంచెం విభేదిస్తాను. కొందరికి చేతిలో ఏదో ఒకటి ఉంటేనే నెమ్మది. బాగా వచ్చిన లెక్కలు అయిదు చేసి మూసేయండి తులసీ. రాని వాటి జోలికి వెళ్లకండి. రేపు ఎక్కడా చూడని ప్రశ్న వస్తే ఒకటి గుర్తుపెట్టుకోండి, 225లో 25 ప్రశ్నలకు మార్కులే లేవు. అవి ముందు ముందు వాడటానికి పరీక్షించి చూసుకునేవి. ఏవో మనకు తెలియదు. వింతగా కనబడినది వాటిలోదే కావచ్చు.

తులసికోట
శనివారం, సాయంత్రం 5:50

రాసి వచ్చాను. పడుకుని లేచి ఇది రాస్తున్నాను.

లోపలికి వెళ్లేటప్పుడు అరచేతిని స్కాన్ చేశారు. చేతులు చల్లగానే ఉన్నాయి. స్కాన్ చేసే అమ్మాయి రుద్దుకోమంది, రెండోసారి తీసుకుంది. కంగారు పోతుందనుకున్నాను, పోలేదు. చెవుల్లో గుండె చప్పుడు ఈసారీ వినిపించింది. ఇరవయ్యో ప్రశ్న దాటాక ఖాళీ గడి వచ్చింది. ప్రశ్న ఏమిటో చెప్పకూడదు, చెప్పను. చెయ్యి పెన్ను మీదికి వెళ్లింది. వయసు, బరువు, ఆడా మగా. మూడో ముక్క రాసేటప్పటికి మొదటి పంక్తి అర్థమై ఉంది. నా అక్షరాలు వంకరగా ఉన్నాయి, అయినా చదవగలిగాను.

నూట పదో ప్రశ్న దగ్గర విరామం తీసుకున్నాను. బయట మెట్ల మీద పెరుగన్నం తిన్నాను. క్రితంసారి విరామమే తీసుకోలేదు, సమయం పోతుందన్న భయంతో. ఈసారి ముఖం కడుక్కుని వెళ్లి కూర్చుంటే రెండో సగం కొత్తగా మొదలుపెట్టినట్టు అనిపించింది. నూట ఎనభై దగ్గర రెండు లెక్కలు వరసగా వచ్చాయి, ఒకటి చేయలేకపోయానని తెలుసు. అంకె వేసి పలక తుడిచేశాను. ఆ ప్రశ్నను వెంట తీసుకువెళ్లలేదు.

పాసో కాదో తెలియదు. కానీ ఈసారి ఆరు గంటలూ నేను ఆ కుర్చీలోనే ఉన్నాను.

సన్నజాజిపందిరి
శనివారం, సాయంత్రం 6:30

ఫలితానికి వారం పది రోజులు పడుతుంది. ఆ రోజులకు కూడా ఏదో ఒక పని పెట్టుకోండి. మా ఆవిడ ఆవకాయ పెట్టింది.

తులసికోట
ఆ పై వారం గురువారం, ఉదయం 11:20

పాస్.

ఫార్మసీలో కౌంటరు వెనక ఉన్నాను, ఫోన్ తీసి చూశాను. ట్రేలో మెట్‌ఫార్మిన్ మాత్రలు అరవై దాకా లెక్కపెట్టి ఉన్నాను. ఎక్కడిదాకా వచ్చానో మరిచిపోయాను. మళ్లీ మొదటి నుంచి ఐదేసి లెక్కపెట్టాను. నాన్నకు ఫోన్ చేస్తే షాపులో ఎవరికో సరుకు ఇస్తున్నారు. ఒక్క నిమిషం ఉండమని అవతలివాళ్లతో ఆయన చెప్పడం వినిపించింది.

మానేరుఒడ్డు
గురువారం, ఉదయం 11:25

చాలా సంతోషం తల్లీ!

రాత్రిపాళీ
గురువారం, మధ్యాహ్నం 12:05

ఈ ఫోను శబ్దానికే మెలకువ వచ్చింది, లేచినందుకు ఏమాత్రం బాధ లేదు.

దీపపుసెమ్మె
గురువారం, రాత్రి 10:50

అక్కా, శుభాకాంక్షలు. అన్నతో మాట్లాడాను. షాపు ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది అన్నాడు. మీ అట్టముక్క పద్ధతి మోతాదు లెక్కలకు వాడుతున్నాను. మా పేపర్లలో ఖాళీ గడులు ఉండవు, నాలుగు సమాధానాలు ఉంటాయి. అయినా వాటిని మూసేసి చేస్తే ఉపయోగం ఉంటుందా?

తులసికోట
గురువారం, రాత్రి 11:15

ఉంటుంది తమ్ముడూ, ఇంకా ఎక్కువ. కింద సమాధానాలు కనబడుతుంటే మనం పొరపాటుగా చేసిన లెక్కకు సరిపోయేది కూడా ఒకటి అక్కడ పెట్టి ఉంచుతారు. నాకు వచ్చిన 34 లాంటిది. మూసి చెయ్యి, నీ అంకె వచ్చాక తెరువు.

నల్లేరునడక అన్నయ్యా, ఇంకో సందేహం. నాకు ఎంపీజేఈ మిగిలింది. 120 ప్రశ్నలు, రెండున్నర గంటలు, అంతా చట్టమే. ఇందులో పలక మీద రాసుకోవడానికి లెక్కలేవీ ఉండవు. చేతికి ఏం పని పెట్టాలి?

నల్లేరునడక
శుక్రవారం, ఉదయం 6:30

అభినందనలు చెల్లెమ్మా. పని ఉంది. ప్రతి ప్రశ్నలో ముందు మందు అలవాటయ్యే ప్రమాదాన్ని బట్టి ఏ షెడ్యూలుదో పలక మీద అంకె వేయి, రెండా, మూడా, నాలుగా. తర్వాత దాని మీద కేంద్ర చట్టం ఏమంటోంది, టెక్సాస్ చట్టం ఏమంటోంది. రెండూ ఒకే విషయం మీద వేరుగా ఉంటే ఏది కఠినంగా ఉందో దాని కింద గీత. ఈ మూడూ రాశాక సమాధానాలు చూడు. తేదీ ఎప్పటికి తీసుకుంటున్నావు?